తూము మూస్తే చెరువు ఎండదు
బీపీ గోలీ, క్యాల్షియం, హార్మోన్ల గురించి ఒక బడి పంతులు మాట

ఈ సంచికకు ఆరోగ్యం మీద ఒక వ్యాసం రాయమని సొసైటీ పెద్దలు అడిగారు. నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్లకు దగ్గరగా పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్న బడి పంతులును. అయినా ఒప్పుకున్నాను. ఎందుకంటే నేను సగమే చెప్పి వదిలేసిన ఒక పాఠం మా ఇంట్లోనే ఒకరికి నష్టం చేసింది. మిగతా సగం ఇక్కడ చెబుతాను.

మా ఖాలా, అంటే మా అమ్మ చెల్లెలు, ఆలేరుకు దగ్గర్లోని పల్లెలో ఉంటుంది. ఆరేళ్లుగా రోజూ ఒక బీపీ గోలీ వేసుకునేది. దాని పేరు ఆమ్లోడిపిన్. ఒక ఏడాది చలికాలంలో ఆమెకు మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాయి. మనవడు ఫోనులో ఆ గోలీ పేరు కొట్టి చూశాడు. అది క్యాల్షియంను అడ్డుకునే మందు అని అందులో ఉంది. ఆ పిల్లవాడు మా బడిలోనే చదివాడు. ఎముకలకు క్యాల్షియం ఎంత ముఖ్యమో నేనే వాడికి చెప్పాను. వాడు ఆ రెండు మాటలు కలిపి నానీకి చెప్పాడు. ఆమె గోలీ ఆపేసింది, మాకెవరికీ చెప్పలేదు.

మూడు నెలలు బాగానే గడిచింది. ఒక పొద్దున చాయ్ గ్లాసు కుడిచేతిలోంచి జారి పడింది. నోరు ఒక పక్కకు వంగింది. బీపీ చూస్తే పైది 200 దాటి ఉంది. హైదరాబాదు తీసుకుపోయాం, ప్రాణం దక్కింది. ఇప్పుడు నడుస్తుంది, మాట కూడా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం ఇంకా పూర్తిగా లేవదు. నేను చూడబోతే, "ఆ గోలీ బొక్కల్లోని క్యాల్షియంను తినేస్తదంట గద బేటా, అందుకే బంద్ చేసిన" అంది. నాకు నోట మాట రాలేదు. ఎముకలకు క్యాల్షియం కావాలని ఇన్నేళ్లుగా చెబుతున్న నేను, రక్తనాళంలో క్యాల్షియం చేసే పని ఏమిటో ఒక్క పిల్లవాడికైనా సరిగా చెప్పలేదు.

ఇలా అనుకునేది మా ఖాలా ఒక్కతే కాదు. ఆ తర్వాత మా వీధిలో, మార్కెట్లో, పెళ్లిళ్లలో నేను అడిగి చూసిన వాళ్లలో ఇదే అనుమానం చాలామందికి ఉంది. కొందరు గోలీ మానేశారు. కొందరు పాలు మానేశారు. ఇంకొందరు ఎవరినీ అడగకుండా మందుల దుకాణంలో క్యాల్షియం గోలీలు కొని మింగుతున్నారు. మూడూ పొరపాట్లే.

ఒంట్లో క్యాల్షియం ఎక్కడ ఉంటుంది?

పెద్ద మనిషి ఒంట్లో సుమారు కిలో క్యాల్షియం ఉంటుంది. అందులో నూటికి 99 వంతులు ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. మిగిలిన ఆ ఒక్క వంతే రక్తంలోనూ కణాల్లోనూ తిరుగుతూ గుండె కొట్టుకోవడం, కండరం బిగుసుకోవడం, నరం కబురు మోయడం, దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టడం లాంటి పనులన్నీ చేయిస్తుంది.

మన ఊళ్ల చెరువును తలచుకోండి. ఎముక చెరువు లాంటిది. నీళ్లన్నీ అందులోనే ఉంటాయి. రక్తం కాలువ లాంటిది. కాలువలో నీళ్లు ఎప్పుడూ ఒకే మట్టంలో పారాలి. రక్త పరీక్ష చేయిస్తే క్యాల్షియం డెసిలీటరుకు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య చూపిస్తుంది. మనం ఒక పూట తిన్నా తినకపోయినా, ఎండాకాలమైనా చలికాలమైనా ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఆ మట్టం ఈ హద్దు దాటదు. అది తగ్గితే చేతులు కొంకర్లు పోతాయి, ఎక్కువైతే మనిషి మందగించి మూత్రపిండాలు దెబ్బతింటాయి.

కాలువ నుంచి పొలంలోకి నీళ్లు పోయే చోట ఒక చిన్న తూము ఉంటుంది. ఒంట్లో ఆ పొలాలే కణాలు. కణం బయట ఉన్న క్యాల్షియంలో పదివేలో వంతు మాత్రమే కణం లోపల స్వేచ్ఛగా ఉంటుంది. తూము తెరుచుకుంటే అది ఒక్కసారిగా లోపలికి దూకుతుంది. అలా దూకడమే కణానికి ఆజ్ఞ. కండరం కణమైతే బిగుసుకుంటుంది.

ఈ మూడు చోట్లు, అంటే చెరువు, కాలువ, పొలం వేరువేరని గుర్తుంచుకుంటే మిగతా వ్యాసమంతా సులువుగా అర్థమవుతుంది.

నీరటి ఎవరు?

వెనకటి రోజుల్లో ప్రతి చెరువుకూ ఒక నీరటి ఉండేవాడు. ఏ పొలానికి ఎంత నీరు, ఎప్పుడు తూము ఎత్తాలి, ఎప్పుడు దించాలి అన్నది అతని పని. ఒంట్లో ఆ పని హార్మోన్లది.

మెడలో థైరాయిడ్ గ్రంథి వెనుక మామూలుగా నాలుగు చిన్న గ్రంథులు ఉంటాయి. ఒక్కొక్కటి బియ్యపు గింజంత. వీటిని పారాథైరాయిడ్ గ్రంథులంటారు. వీటిని మొదట గమనించింది మనిషిలో కాదు, మన దేశపు ఖడ్గమృగంలో. 1850 ప్రాంతంలో లండన్ జంతు ప్రదర్శనశాలలో చనిపోయిన ఒక భారతీయ ఖడ్గమృగాన్ని కోసి చూసినప్పుడు రిచర్డ్ ఓవెన్ అనే శాస్త్రవేత్తకు అవి కనబడ్డాయి. మనిషిలో ఉన్నట్లు 1880లో స్వీడన్‌కు చెందిన ఇవార్ సాండ్‌స్ట్రోమ్ వివరంగా రాశాడు. అప్పటికి ఆయన ఇంకా వైద్య విద్యార్థే.

రక్తంలో క్యాల్షియం కొంచెం తగ్గినా ఈ గ్రంథులు పసిగట్టి పారాథార్మోన్ వదులుతాయి. అది మూడు పనులు చేస్తుంది. ఎముక అనే చెరువులోంచి కొంత క్యాల్షియం తీసి రక్తంలోకి పంపుతుంది. మూత్రంలో పోయే క్యాల్షియంను మూత్రపిండాల దగ్గర ఆపి వెనక్కి తెస్తుంది. మూత్రపిండాల్లోనే విటమిన్ డి ని పనిచేసే రూపంలోకి మార్పిస్తుంది. ఆ విటమిన్ డి పేగుల దగ్గరికి పోయి, మనం తిన్న తిండిలోంచి క్యాల్షియంను లోపలికి లాగుతుంది. ఎండ తగలడం అవసరమని డాక్టర్లు చెప్పేది ఇందుకే. పేరుకు విటమిన్ అయినా అది కూడా హార్మోన్ లాగే పనిచేస్తుంది. థైరాయిడ్ నుంచి వచ్చే క్యాల్సిటోనిన్ అనే ఇంకో హార్మోన్ క్యాల్షియంను కొంచెం తగ్గిస్తుంది గాని, పెద్దవాళ్లలో దాని పాత్ర చిన్నది.

రక్తనాళం గోడలో ఏం జరుగుతుంది?

ఇప్పుడు పొలం దగ్గరికి వద్దాం. 1880ల మొదట్లో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెను బయటికి తీసి ఉప్పునీటిలో ఉంచి పరీక్షలు చేస్తున్నాడు. గుండె గంటల తరబడి బాగా కొట్టుకుంది. తర్వాత అదే ఉప్పును స్వేదనజలంలో కలిపి చూస్తే గుండె ఆగిపోయింది. ఆరా తీస్తే తేలిందేమిటంటే, మొదటిసారి సహాయకుడు వాడింది స్వేదనజలం కాదు, కుళాయి నీళ్లు. ఆ నీళ్లలో సున్నపు అంశం, అంటే క్యాల్షియం ఉంది. క్యాల్షియం లేనిదే గుండె కండరం బిగుసుకోదని లోకానికి అలా తెలిసింది. ఒక సహాయకుడి పొరపాటు ఇంత పెద్ద పాఠం నేర్పింది.

గుండెకే కాదు, రక్తనాళాల గోడల్లోనూ కండరం ఉంటుంది. ఆ కండరం బిగుసుకుంటే నాళం సన్నబడుతుంది. సన్నని గొట్టంలోంచి అంతే రక్తం పారాలంటే ఒత్తిడి పెరగాలి. బోరు పైపు మూతిని వేలితో నొక్కితే నీళ్లు ఎంత జోరుగా కొడతాయో చూసే ఉంటారు. రక్తపోటు అంటే ముఖ్యంగా ఇదే.

ఆ కండరాన్ని బిగించమని కబురు తెచ్చేవీ హార్మోన్లే. భయం, కోపం, దిగులు కలిగినప్పుడు అడ్రినలిన్, దాని తోడు నారడ్రినలిన్ వస్తాయి. మూత్రపిండాలు తమకు రక్తం చాలడం లేదనుకుంటే రెనిన్ అనే పదార్థం వదులుతాయి. దాని వల్ల చివరకు యాంజియోటెన్సిన్ అనే బలమైన హార్మోన్ తయారవుతుంది. ఇవన్నీ కణం దగ్గరికి వచ్చి చేసే పని ఒకటే, కణం లోపల క్యాల్షియం పెంచడం. కబురు తెచ్చేవాళ్లు వేరైనా అందరూ ఎత్తేది ఆ తూమునే.

1960ల్లో జర్మనీలో ఆల్‌బ్రెక్ట్ ఫ్లెకెన్‌స్టైన్ అనే శాస్త్రవేత్త కొన్ని మందులు ఈ తూమును మూస్తున్నాయని గుర్తించాడు. ఆ దారిలో వచ్చిన మందులే వెరాపమిల్, నిఫెడిపిన్. ఆ వరుసలో తర్వాత వచ్చింది ఆమ్లోడిపిన్. ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి రోజుకు ఒక్కటి వేసుకుంటే చాలు. ధర కూడా తక్కువ. దేశంలో రక్తపోటు అదుపు కార్యక్రమాన్ని 2017లో మొదలుపెట్టినప్పుడు తొలి ఐదు రాష్ట్రాల్లో మన తెలంగాణ ఒకటి. సర్కారు దవాఖానలో చాలామందికి మొదట ఇచ్చే గోలీ ఇదే.

ఇప్పుడు మా ఖాలా అనుమానానికి జవాబు చెబుతాను. ఈ గోలీ రక్తనాళం గోడ కండరంలోకి పోయే తూమును కొంత మూస్తుంది. అంతే. నాళం సడలుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. ఎముకలోంచి క్యాల్షియంను బయటికి తీయదు. పాలలోని క్యాల్షియం పేగుల్లోంచి ఒంటికి పట్టకుండా ఆపదు. రక్త పరీక్షలో క్యాల్షియం మట్టాన్ని దించదు. పొలం దగ్గరి తూము మూస్తే చెరువు ఎండుతుందా? ఎండదు కదా.

ఈ గోలీకి ఇబ్బందులు లేకపోలేదు. కొందరికి పాదాలు, చీలమండలు వాస్తాయి. కొందరికి తలనొప్పి, ముఖంలో వేడి ఆవిర్లు వస్తాయి. అరుదుగా చిగుళ్లు ఉబ్బుతాయి. అలా అనిపిస్తే డాక్టరుకు చెప్పాలి. మోతాదు తగ్గించడమో, ఇంకో మందు ఇవ్వడమో చేస్తారు. ఎవరికి వారు ఆపేయడం మాత్రం మంచిది కాదు. బీపీ పెరుగుతున్నట్లు ఒంటికి తెలియదు. మా ఖాలాకు ఆ మూడు నెలలూ ఏమీ తెలియలేదు.

మన జిల్లా భయం ఊరికే పుట్టింది కాదు

క్యాల్షియం పోతుందంటే మనవాళ్లు ఇంత భయపడడానికి కారణం ఉంది. ఆలేరు ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నా 2016 వరకు నల్లగొండ జిల్లాయే. ఎముకలు వంగితే బతుకు ఎలా ఉంటుందో నల్లగొండ కళ్లారా చూసింది. మర్రిగూడ, మునుగోడు, చౌటుప్పల్ వైపు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో మీకు వేరే చెప్పనక్కర లేదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఓర్చుకోవచ్చని మన దేశపు ప్రమాణం. అక్కడి ఎన్నో బావుల్లో అది దీనికి ఎన్నో రెట్లు ఉండేది.

మన జిల్లా ఫ్లోరోసిస్ గురించి హైదరాబాదు వైద్యుడు డా. ఎ.హెచ్. సిద్దిఖీ 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. 1970ల్లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి మోకాళ్లు లోపలికి వంగిపోయిన యువకుల గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. అదే సంస్థలో బి. శివకుమార్, కృష్ణమాచారి కలిసి అలాంటి వాళ్ల రక్తంలో పారాథార్మోన్ కొలిచి చూశారు. అది పెరిగి ఉంది.

ఎందుకు పెరిగింది? ఫ్లోరైడ్ ఎముకలో చేరి క్యాల్షియంను అక్కడే బిగించి పట్టుకుంటుంది. చెరువులో నీళ్లున్నా కాలువకు రావు. కాలువ మట్టం తగ్గుతుందేమోనని నీరటి ఆగకుండా తూము ఎత్తుతూనే ఉంటాడు. తిండిలో క్యాల్షియం కూడా తక్కువైతే ఎముక ఇంకా దెబ్బతింటుంది. అంటే మన జిల్లాలో ఎముకలను వంచింది నీళ్లలోని ఫ్లోరైడ్, తిండిలోని కొరత, వాటి వల్ల అదుపు తప్పిన హార్మోన్. బీపీ గోలీకి ఆ పాపంతో ఏ సంబంధమూ లేదు.

కొరత ఉన్నచోటే పొంగు

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. పిల్లలకు ఈ ముక్క చెబితే మొదట నమ్మరు. క్యాల్షియం కణంలోకి ఎక్కువగా పోతే బీపీ పెరుగుతుందన్నాం. మరి తిండిలో క్యాల్షియం తగ్గించుకుంటే బీపీ తగ్గాలి కదా? నిజానికి తరచుగా దీనికి ఎదురు జరుగుతుంది. తిండిలో కొరత ఏర్పడితే పారాథార్మోన్, పనిచేసే రూపంలోని విటమిన్ డి రెండూ పెరుగుతాయి. ఇవి రక్తంలో మట్టాన్ని కాపాడే తొందరలో నాళాల కండరాల్లోకి కూడా క్యాల్షియం ఎక్కువగా పోయేటట్లు చేస్తాయని శాస్త్రవేత్తలు వివరిస్తారు. బయట కొరత, లోపల పొంగు. అందుకే బీపీ ఉందని పాలు, పెరుగు మానేయడం తప్పు.

అయితే క్యాల్షియం గోలీలు మింగితే బీపీ తగ్గిపోతుందా? లేదు. పరిశోధనల్లో అలా తగ్గింది సగటున ఒకటి రెండు పాయింట్లే. అది మందుకు బదులు కాదు. తిండితో మాత్రం మంచి ఫలితం కనబడింది. 1997లో అమెరికాలో కూరగాయలు, పండ్లు, వెన్న తీసిన పాలు ఎక్కువగా పెట్టి ఒక ప్రసిద్ధ పరీక్ష చేస్తే, బీపీ ఉన్నవాళ్లలో పై అంకె సగటున 11 పాయింట్ల దాకా తగ్గింది. ఆ తిండిలో క్యాల్షియం ఒక్కటే కాదు, పొటాషియం, మెగ్నీషియం, పీచు అన్నీ ఉన్నాయి.

పెద్దవాళ్లకు రోజుకు వెయ్యి మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలని మన పోషకాహార సంస్థ చెబుతుంది. వంద గ్రాముల తైదల్లో 350 మిల్లీగ్రాముల పైచిలుకు ఉంటుంది. ఒక గ్లాసు పాలలో దాదాపు 250. నువ్వుల్లో ఇంకా ఎక్కువ. తైదల జావ, పెరుగు, నువ్వుల పొడి, ఆకుకూరలు మన ఇళ్లలోకి కొత్తగా వచ్చినవి కావు. మనమే వాటిని పక్కన పెట్టి బేకరీ దారి పట్టాం.

క్యాల్షియం గోలీ నిజంగా ప్రాణం కాపాడే చోటు ఒకటుంది. అది గర్భిణుల విషయం. ఐదో నెల దాటాక కొందరికి బీపీ పెరిగి, మూత్రంలో ప్రొటీన్ పోయి, చివరకు ఫిట్స్ వస్తాయి. తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. 1980 ప్రాంతంలో గ్వాటెమాలా దేశపు మాయా జాతి స్త్రీలలో ఈ జబ్బు తక్కువగా ఉండడం వైద్యుల కంటపడింది. వాళ్లు మొక్కజొన్నలను సున్నపు నీటిలో నానబెట్టి వండుకుంటారు. ఆ సున్నమే కాపాడుతోందా అన్న ప్రశ్న నుంచి ఎన్నో పరీక్షలు పుట్టాయి. తిండిలో క్యాల్షియం తక్కువగా ఉన్న ప్రాంతాల్లో గర్భిణులకు క్యాల్షియం ఇస్తే ఈ జబ్బు తగ్గుతుందని తేలింది. బెంగళూరులోనూ టాంజానియాలోనూ చెరో 11,000 మంది తొలిచూలు గర్భిణులతో చేసిన పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. ఈ జబ్బును ఆపడంలో రోజుకు 1500 మిల్లీగ్రాములకు 500 మిల్లీగ్రాములు తీసిపోలేదని తేలింది.

కాబట్టి ఆశా కార్యకర్త గాని, ఏఎన్‌ఎం గాని ఇచ్చిన క్యాల్షియం గోలీలను మన ఆడపిల్లలు అటక మీద పెట్టకూడదు. ఒక్క జాగ్రత్త ఉంది. క్యాల్షియం గోలీ, రక్తం పట్టడానికి ఇచ్చే ఐరన్ గోలీ ఒకేసారి వేసుకోవద్దు. ఒకటి రెండో దాన్ని ఒంటికి పట్టనివ్వదు. ఒకటి పగలు, ఒకటి రాత్రి వేసుకుంటే సరి.

ఉప్పు రెండు విధాలా దొంగే

ఉప్పు బీపీ పెంచుతుందని అందరికీ తెలుసు. అది ఎముకలను కూడా దోస్తుందని చాలామందికి తెలియదు. మూత్రపిండాలు ఉప్పును బయటికి పంపేటప్పుడు దానితో పాటు కొంత క్యాల్షియం కూడా పోతుంది. ఆరు గ్రాముల ఉప్పుకు సుమారు 40 మిల్లీగ్రాముల క్యాల్షియం పోతుందని లెక్క. వినడానికి చిన్నదే. కాని అరగ్లాసు పాలు తాగితే అందులోంచి పేగు నిజంగా లోపలికి తీసుకునేది దాదాపు అంతే. మోకాళ్ల నొప్పులకు భయపడి బీపీ గోలీ మానేసిన మా ఖాలా, ప్రతి పూటా పచ్చడి మాత్రం మానలేదు. ఆపవలసింది ఆమె తిన్నది, తినవలసింది ఆపేసింది.

రోజుకు ఐదు గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచాడు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కూరలో వేసేది ఒక్కటే లెక్క కాదు. పచ్చడి, అప్పడం, మిర్చీ బజ్జీ, సమోసా, మిక్చర్, చాయ్‌తో తినే ఉస్మానియా బిస్కెట్టు, దావత్‌లో బిర్యానీ అన్నీ లెక్కలోకి వస్తాయి.

హార్మోన్ల లోపమే బీపీకి కారణమైతే

ఎక్కువమందికి బీపీ ఒకే కారణం వల్ల రాదు. వయసు, బరువు, ఉప్పు, వంశం, పొగాకు, దిగులు అన్నీ కలుస్తాయి. కొద్దిమందిలో మాత్రం ఒక గ్రంథి చెడిపోవడమే కారణం అవుతుంది. ఆ కొద్దిమందికి గోలీలు మార్చుకుంటూ పోతే లాభం తక్కువ.

మొదటిది, పారాథైరాయిడ్ గ్రంథిలో గడ్డ పుట్టడం. నీరటి మాట వినకుండా చెరువును ఖాళీ చేస్తున్నట్టు ఉంటుంది. రక్తంలో క్యాల్షియం పెరుగుతుంది. మూత్రపిండాల్లో మళ్లీమళ్లీ రాళ్లు, ఎముకల నొప్పి, చిన్న దెబ్బకే ఎముక విరగడం, నీరసం, మలబద్ధకం, వాటితో పాటు చాలామందికి బీపీ. ఇలా రెండు మూడు కలిసి కనబడితే రక్తంలో క్యాల్షియం ఎంతుందో ఒకసారి చూడమని డాక్టరును అడగండి. గడ్డను ఆపరేషన్ చేసి తీస్తే ఎముకలకు, మూత్రపిండాలకు మేలు జరుగుతుంది. బీపీ మాత్రం కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు.

రెండోది, మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు. అవి ఆల్డోస్టిరాన్ ఎక్కువగా వదిలితే ఒంట్లో ఉప్పు నిలిచి, పొటాషియం తగ్గుతుంది. అడ్రినలిన్ ఎక్కువైతే ఉన్నట్టుండి తలనొప్పి, చెమటలు, గుండెదడ, ఆ సమయంలోనే ఎక్కువ బీపీ. ముప్పై ఏళ్ల లోపే బీపీ వచ్చినా, మూడు రకాల మందులు సరిగా వాడుతున్నా తగ్గకపోయినా పెద్ద దవాఖానలో హార్మోన్ల డాక్టరుకు చూపించడం మంచిది.

ఇంకో మాట. బీపీకి ఇచ్చే నీటి గోలీల్లో కొన్ని మూత్రంలో పోయే క్యాల్షియంను ఆపుతాయి. అవి వాడుతూ సొంతంగా క్యాల్షియం, విటమిన్ డి గోలీలు ఎక్కువగా మింగితే రక్తంలో క్యాల్షియం హద్దు దాటవచ్చు. ఏ గోలీ కొన్నా, ఇంట్లో ఇప్పటికే ఉన్న చీటీ డాక్టరుకు చూపించి అడగండి.

రంజాన్ నెలలో

ఉపవాసం ఉండేవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. రోజుకు ఒక్కసారి వేసుకునే ఆమ్లోడిపిన్ లాంటి గోలీని ఇఫ్తార్‌కో సహర్‌కో మార్చుకోవడం మామూలుగా కష్టం కాదు. నీటి గోలీ సహర్‌లో వేసుకుంటే పగలంతా ఒంట్లో నీరు తగ్గి కళ్లు తిరగవచ్చు. కాబట్టి నెల మొదలుకాక ముందే డాక్టరు దగ్గరికి పోయి వేళలు రాయించుకోవాలి. నెల రోజులు గోలీ మానేయడం మాత్రం పనికిరాదు.

దాతలకు ఒక విన్నపం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో నలుగురిలో ఒకరికి, మగవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి బీపీ ఎక్కువగా ఉంది, లేదా దానికి మందు వాడుతున్నారు. అంటే ఈ సంచిక చదివే ప్రతి ఇంట్లోనూ ఒకరు ఉండవచ్చు.

మీ దానంతో ఏడాదికోసారి వైద్య శిబిరం పెట్టడం మంచి పనే. కాని శిబిరంలో బీపీ ఉందని తేలిన మనిషి మూడు నెలల తర్వాత గోలీ వేసుకుంటున్నాడా లేదా అని ఎవరు చూస్తారు? మా ఖాలాకు బీపీ ఉందని ఆరేళ్లుగా తెలుసు. మందు కూడా ఉచితంగానే వచ్చేది. ఆమెకు లేనిది మందు కాదు, ఎందుకు మానేశావని అడిగే మనిషి.

అందుకే నా సూచన చిన్నది. ప్రతి వాడకూ దండకు కట్టి చూసే మంచి బీపీ మిషన్ ఒకటి కొనండి. చదువుకున్న ఇద్దరు ఆడపిల్లలకు కొలవడం నేర్పించండి. ఒక పుస్తకంలో పేర్లు రాసి, నెలకోసారి ఇంటికి పోయి బీపీ కొలిచి, గోలీలు లెక్కపెట్టి, ఏమైనా అనుమానాలు ఉన్నాయా అని అడగమనండి. పై అంకె 140, కింది అంకె 90 దాటితే దవాఖానకు పంపమనండి. మూతి వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబడడం కనబడితే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా పెద్ద దవాఖానకు పంపాలి. రక్తపు గడ్డను కరిగించే మందుకు నాలుగున్నర గంటలే గడువు. ఈ పనికి అయ్యే ఖర్చు ఒక దావత్ ఖర్చు కన్నా తక్కువ.

నా వంతుగా నేను ఒక పని మొదలుపెట్టాను. ఇప్పుడు ఎముకల పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద చెరువు, కాలువ, పొలం, తూము గీసి చూపిస్తున్నాను. పాఠం అయ్యాక పిల్లలకు ఇంటిపని ఒకటే ఇస్తాను. ఇంటికి పోయి దాదీ, నానీ, అమ్మమ్మ, నాయనమ్మ ఎవరుంటే వాళ్లను, ఈ రోజు బీపీ గోలీ వేసుకున్నారా అని అడిగి రావాలి. ఆ రోజు ఫోనులో చూసి చెప్పిన పిల్లవాడు ఇప్పుడు రోజూ రాత్రి ఎనిమిదింటికి తన చేతితో మా ఖాలాకు గోలీ ఇస్తున్నాడు. ఆమె దాన్ని ఎడమచేత్తో అందుకుంటుంది.